ఖాందానీ తప్పుల వాహెద్ భాయ్

అబ్దుల్ వాహెద్ భాయ్ లెక్కలో లోకంలో కొత్త తప్పంటూ ఏదీ లేదు. మీరు గీసిన ముక్కు వంకరపోయిందా? పూసిన రంగు కారిపోయిందా? మీ మామిడిపండు చూసేవాళ్లకు ఆలుగడ్డలా కనిపించిందా? ఫికర్ పడకండి. ఆ తప్పు మీకంటే ముందే ఎవరో మహానుభావుడు చేసి, పేరు తెచ్చుకుని, పోయాడు. "యే ఖాందానీ గల్తీ హై! దీనికి తాతలు ముత్తాతలున్నరు" అంటాడు వాహెద్ భాయ్. ఆ తాత ఎవరో కూడా చెప్తాడు. చిక్కల్లా అక్కడే. తప్పు సరైనదే, తాతే తప్పు.

పత్తర్‌గట్టీ వెనక, చార్మినార్ దగ్గరి గల్లీలో గాజుల దుకాణానికీ బురఖాల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన ఫ్రేముల దుకాణం. ఎడమ గోడకు దేవుళ్లు, కుడి గోడకు ఖురాన్ ఆయతులు, నడుమ డిగ్రీ పట్టాలు, పెళ్లి ఫోటోలు, ఎవరో తీసుకుపోవడం మరిచిపోయిన ఒక మేనమామ. ఈ గోడలు చూసి కొందరు వెంటనే గొంతు సవరించుకుని గంగా జమునా సంస్కృతి మీద ఉపన్యాసం అందుకుంటారు. వాహెద్ భాయ్‌ని అడగండి. "ఎడమ గోడకు చెమ్మ లేదు. దేవుళ్లకు అద్దం ఇంకా బిగియ్యలే, గందుకే అటు పెట్టిన" అంటాడు.

నేను మొదట ఒక బొమ్మకు ఫ్రేము కట్టించుకోవడానికి వెళ్లాను. ఆధునిక చిత్రం అచ్చుప్రతి. నాలుగు గీతలు, రెండు మరకలు. చెప్పిన రోజుకు వెళ్తే ఫ్రేము సిద్ధంగా ఉంది.

"భాయ్, ఇది తలకిందులు."

"తలకిందులా? గిందుల పైనేంది, కిందేంది, నువ్వే చెప్పమ్మా."

చూశాను. గట్టిగా చెప్పలేకపోయాను. "సంతకం! సంతకం పైన ఉంది చూడండి!"

"హౌ, ఉన్నది" అని ఒప్పుకున్నాడు. "ఖాందానీ గల్తీ. న్యూయార్క్‌ల ఒక పెద్ద మ్యూజియంల రాజా రవివర్మ బొమ్మను నెలన్నర తలకిందులు యేలాడదీసిన్రు. లక్ష మంది చూసిన్రు. ఇంచుమించు ఎవ్వనికీ తెల్వలే."

నేను చదివింది ఆ సబ్జెక్టే, చిత్రకళా చరిత్ర. విశ్వవిద్యాలయం నాకు ఉద్యోగం ఇవ్వలేదు గానీ ఇలాంటి మాట వింటే ఊరుకోలేని రోగం ఇచ్చింది. "రవివర్మ కాదు భాయ్, మతీస్! యూనివర్సిటీలో నేను చదివింది ఇదే. పడవా, నీళ్లలో దాని నీడా వేశాడు. ఏది పడవో ఏది నీడో తెలియక తిప్పి పెట్టారు. చివరికి ఒకావిడ పట్టుకుంది."

"ఎవరైతేంది యూనివర్సిటీ? గంత పెద్ద మ్యూజియం చేస్తె చరిత్ర, నేను చేస్తె లొల్లా?"

మతీస్‌కీ రవివర్మకీ తేడా వివరంగా చెప్పి ఊపిరి తీసుకునేసరికి ఆయన వెనక మేకులు పీకి, బొమ్మ తిప్పి, మళ్లీ బిగించేశాడు. అప్పటి నుంచి నా పేరు యూనివర్సిటీ. అసలు పేరు ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం వెనక గదిలో బొమ్మల క్లాసు నడిపేవాడు. కొత్తగా బ్రష్ పట్టేవాళ్లు, ఎప్పుడో పట్టి వదిలేసి మళ్లీ వచ్చేవాళ్లు, ఎవరైనా రావొచ్చు. ఫీజు లేదు. వచ్చినవాళ్లు పోయేటప్పుడు ఒక అద్దం తుడిచి పోవాలి, అంతే. చిత్రకళ ఒక తపస్సు, రంగులతో ధ్యానం, ఆత్మతో సంభాషణ, ఇలాంటి మాటలు ఆ గదిలో వినబడవు. రంపం మోత వినబడుతుంది. పొట్టు గాల్లో ఎగురుతూ ఉంటుంది కాబట్టి అందరి ఆకాశాల్లోనూ కొంచెం టేకు ఉంటుంది.

ఎవరి బొమ్మైనా పాడైతే చింపనివ్వడు. ఫ్రేము కర్రల నమూనాల కోసం గోడకు మూలలు వేలాడుతుంటాయి, ఎల్ ఆకారం ముక్కలు. వాటిలో రెండు తీసి, పాడైన కాగితం మీద ఎదురెదురుగా పెట్టి అటూ ఇటూ జరుపుతాడు. ఎక్కడో ఒక చోట, అరచెయ్యంత జాగాలో, బొమ్మ బాగుంటుంది. "గిది చూడు. గిది నీ బొమ్మ. మిగిలింది ప్యాకింగు." అప్పుడు ఖాందానీ తాత దిగుతాడు. నేను లేచి ఆ తాతను సరిచేస్తాను. ఆదివారాలన్నీ ఇట్లాగే గడిచేవి.

కళావతి గారి సంగతే చూడండి. టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. కాలేజీలో నీటిరంగులు బాగా వేసేవారట. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ బ్రష్ పట్టారు. పట్టడమంటే పట్టడమే, కాగితం మీద పెట్టేవారు కాదు. మొదటి రెండు ఆదివారాలూ నీళ్లలో ముంచిన బ్రష్ పట్టుకుని, ఫోన్ మోగుతుందేమోనన్నట్టు కూర్చున్నారు.

"భాయ్, ఈ వయసుల నాకెందుకు చెప్పు? చెయ్యి తిరగదు, ఏం లేదు. ఎవరన్న చూస్తె నవ్వుతరు."

"క్యా బాత్ కర్‌రై మేడం! లేటుగ మొదలువెట్టుడు ఖాందానీ గల్తీ. పికాసో అరవై దాటినంకనే బ్రష్ పట్టిండు. అప్పటిదాక మగ్గం పనిచేసిండు."

నేను లేచాను. "పికాసో చిన్నపిల్లాడప్పుడే వేశాడు భాయ్! మీరు చెప్పేది అమెరికాలో గ్రాండ్‌మా మోసెస్ అని ఒక పల్లెటూరి ముసలావిడ. మగ్గం కాదు, ఎంబ్రాయిడరీ చేసేది. కీళ్లనొప్పులతో సూది పట్టలేక డెబ్బై దాటాక బ్రష్ పట్టింది. నూరేళ్లు దాటినా వేసింది."

"గదే నేను చెప్పిన. పికాసోకు కీళ్లనొప్పులు."

"పికాసోకు కాదు!"

"మరి ముసలమ్మకు పికాసో ఏమైతడు?"

"ఏమీ కాడు!"

ఇద్దరం తేల్చుకుని వెనక్కి తిరిగేసరికి కళావతి గారి కాగితం సగం నీలంగా ఉంది. "మీరు కొట్లాడుకునే లోపల ఆకాశం వేసేసిన" అన్నారు, తప్పు చేసినదానిలా.

తర్వాత ఆవిడ జామపండ్లు పెట్టుకుని వేయడం మొదలుపెట్టారు. ఎంత నెమ్మదంటే, ఆదివారానికి ఆదివారానికి మధ్య పండ్లు పండి, మెత్తబడి, గదంతా వాసన కొట్టాయి. "ఖాందానీ!" అన్నాడు వాహెద్ భాయ్ ముక్కు మూసుకుని. "మొఘల్ దర్బార్ల ఒక పెయింటరుండె. యాపిల్ పండ్లు పెట్టుకుంటె అవి కుళ్లిపొయ్యేదాక యేసేటోడు." నేను మళ్లీ లేచాను. మొఘల్ దర్బారు కాదు, ఫ్రాన్సు. ఆయన సెజాన్. మనిషిని కూర్చోబెట్టినా యాపిల్ పండులా కదలకుండా కూర్చోమనేవాడు. ఒక పెద్దమనిషిని వందకు పైగా సార్లు కూర్చోబెట్టి, చివరికి చొక్కా ముందుభాగం పర్వాలేదన్నాడు. ఈ ముక్క చెప్పగానే కళావతి గారు నవ్వి, జామపండ్ల మధ్యలో ఒక గోధుమరంగు మచ్చ ధైర్యంగా పెట్టేశారు.

వానాకాలంలో ఒకరి కాగితానికి బూజు పట్టింది. లియొనార్డోకూ పట్టిందన్నాడు. లియొనార్డోకు గోడ మీద రంగు పొరలు పొరలుగా ఊడింది, బూజు పట్టింది మైకెలాంజిలోకు, చర్చి పైకప్పు మీద, పోప్ దగ్గరికి పోయి ఇది నా పని కాదని ముందే చెప్పాను కదా అని మొత్తుకున్నాడు అని నేను చెప్పాను. ఇంకొకరి గుర్రానికి కాళ్లు ఎక్కువయ్యాయి. నిజాం కొలువులో ఒక చిత్రకారుడు ఎనిమిది కాళ్ల గుర్రం వేశాడన్నాడు. కాదు, స్పెయిన్‌లో వెలాస్కెజ్, రాజుగారి గుర్రం కాళ్లు ఒకచోట వేసి, నచ్చక, వాటి మీద రంగేసి ఇంకోచోట వేశాడు, ఏళ్లు గడిచి పైరంగు పలచబడి పాత కాళ్లు బయటికొచ్చాయి, గొప్పవాళ్ల బొమ్మల కిందా ఇలాంటి మనసు మార్చుకోవడాలు ఎన్నో ఉంటాయి అని నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

నాకు అర్థంకానిది ఒకటే. గుడ్డివాడు రాళ్లు విసిరినా పదింటిలో ఒకటి కాయకు తగలాలి. ఈయనకు ఒక్కటీ తగలదు. కథ ఎప్పుడూ నిజం, పేరు ఎప్పుడూ అబద్ధం. ఇంత నిలకడగా తప్పడం మనిషికి సాధ్యమేనా? ఒక ఆదివారం ఉండబట్టలేక జవాబు ప్రశ్నలోనే పెట్టి అడిగాను.

"భాయ్, వాన్‌గో చెవి ఎవరు కోసుకున్నారు?"

ఆలోచించాడు. గడ్డం నిమురుకున్నాడు. "సెజాన్."

"వాన్‌గో చెవి సెజాన్ ఎట్లా కోసుకుంటాడు భాయ్?"

"కుళ్లిన యాపిల్ పండ్లు కోసే చాకు ఉంటది గదా."

ఇంటికి వెళ్లి తలకు చల్లని నూనె రాసుకున్నాను.

ఆ వానల్లోనే బేబీ వచ్చింది. ధూల్‌పేట్‌లో వినాయకుళ్లు చేసే ప్రేమ్‌రాజ్ గారి కోడలు. ముప్పై ఉంటాయేమో. గోళ్లలో బంగారు రంగు, కొంగుకు తెల్లమట్టి. వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"చాచా, కండ్లు నేర్పిస్తరా?"

"కండ్లొక్కటేనా? ముక్కులు, చెవులు నక్కోనా, వద్దా?"

"మిగిలినయన్ని వస్తయి. కండ్లే రావు."

ధూల్‌పేట్‌లో విగ్రహానికి కళ్లు అన్నిటికంటే చివర్న పెడతారు. ప్రేమ్‌రాజ్ గారింట్లో అయితే, విగ్రహం తీసుకుపోయే మండపం వాళ్లు వచ్చాక, వాళ్ల ముందే పెడతారు. అది ఆ ఇంటి పద్ధతి. ఇన్నేళ్లూ ఆ కళ్లు పెట్టింది ప్రేమ్‌రాజ్ గారే. "ప్రేమ్‌రాజ్ కండ్లు" అంటే పాతబస్తీలో తెలియని మండపం లేదు. ఈ ఏడు ఆయన చెయ్యి వణకడం మొదలైంది. కొడుకు చేతికి రంగు కొట్టే గన్ను తప్ప కుంచె అలవాటు లేదు. నగలు, అంచులు, గోళ్లు వేసే చెయ్యి బేబీది. అయితే కళ్లు వేయడమంటే గోళ్లు వేసినట్టా అని గల్లీ అంతా అంటోంది.

"మామ ఒకటే మాట చెప్పిండు" అంది బేబీ. "పెద్ద వినాయకునికి నువ్వే పెట్టు, మండపమోళ్ల ముందల. మంచిగొస్తె ఇంట్ల కండ్లన్ని నీవే. రాకుంటె కండ్ల పని బయటోళ్లకిచ్చి మనం మట్టి పిసుక్కుంట కూసుందాం, అన్నడు. నాకు ఆ కుంచె గావాలె చాచా. బయటోళ్లకు ఇయ్యొద్దు."

కాగితం ఇస్తే కూర్చుని ఒక కుడి కన్ను వేసింది. నేను కొంచెం వెనక్కి జరిగాను. ఆ కన్ను నన్ను చూసింది. నా పర్సులో ఏముందో కూడా చూసింది. "అరే, గిదేంది, వస్తనే ఉన్నది గదా!" అన్నారు కళావతి గారు. అందరం చుట్టూ మూగాం. అప్పుడు బేబీ ఎడమ కన్ను మొదలుపెట్టింది. అది కిందికి జారి, పక్కకు తిరిగి, కిటికీలోంచి సమోసాలు అమ్మేవాడి వైపు చూడడం మొదలుపెట్టింది.

"గిదే నా రోగం" అంది బేబీ. "మొదటి కన్ను వేస్తప్పుడు ఎవ్వరు సూడరు. రెండోది వేస్తప్పుడు అందరు సూస్తరు, సమానమొస్తదా లేదా అని. గప్పుడు నా చెయ్యి రాయైతది."

"ఖాందానీ!" అన్నాడు వాహెద్ భాయ్. నేను లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచుకు జరిగాను. "క్లియోపాత్రా బొమ్మ ఒకటుంది. ఢిల్లీల. ఒక్క కన్నే పెట్టి, రెండోది పెట్టకుండ ఇడిసిపెట్టిండు చెక్కినాయన."

"నెఫెర్టిటి, ఇంకో ఈజిప్టు రాణి! ఢిల్లీ కాదు, బెర్లిన్! ఎడమ కన్ను పొదగలేదు, ఎందుకో ఇప్పటికీ ఎవరికీ గట్టిగా తెలియదు..."

బేబీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "రాణి సంగతి సరే అక్కా. వినాయకుణ్ని ఒక్క కన్నుతోటి తీస్కపోతరా?"

నేను కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాను.

ఆమె రావడం మానలేదు. ఆదివారాలే కాకుండా మామూలు రోజుల్లో కూడా వస్తోందని, దుకాణంలో ఎవరూ లేనప్పుడు వాహెద్ భాయ్ ఏవో కథలు చెబుతుంటే కళ్లు వేస్తోందని కళావతి గారు చెప్పారు. నాకు భయం పట్టుకుంది. పాపం ఆ అమ్మాయి ధూల్‌పేట్‌కు పోయి ఎవరికి ఏ తాతను అంటగడుతుందో! ఆదివారాలు మాత్రం అదే కథ. కుడి కన్ను దివ్యం, ఎడమ కన్ను సమోసా.

చవితి దగ్గరికొచ్చింది. పెద్ద విగ్రహం తీసుకుపోవడానికి మండపం వాళ్లు వచ్చే రోజు బేబీ మా ముగ్గురినీ రమ్మంది. నయాపూల్ దగ్గర ఒక ఆటోలో ఎక్కాం. దారి పొడుగునా కళావతి గారు ఆమె తరఫున భయపడ్డారు. వాహెద్ భాయ్ గొంతుకు మంచిదని లవంగం నమిలాడు. ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు.

టార్పాలిన్ కింద వినాయకుడు మేడంత ఉన్నాడు. కిరీటం, నగలు, దంతం అన్నీ పూర్తి. కళ్ల చోట రెండు తెల్లటి ఖాళీలు. పక్కన చిన్న వినాయకుళ్లు వరసగా, వాళ్లకూ కళ్లు లేవు. బయట లారీ, లారీ చుట్టూ మండపం పిల్లలు ఇరవై మంది దాకా, ఒక బ్యాండు. ప్రేమ్‌రాజ్ గారు కుర్చీలో, చేతులు ఒళ్లో దాచుకుని కూర్చున్నారు. ఆయన లేచి సన్న కుంచె కోడలికిచ్చి "చల్ బహూ" అన్నారు. మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

బేబీ నిచ్చెనెక్కింది. పిల్లలు ఇంకా లారీలో గడ్డి పరుస్తున్నారు, బ్యాండువాళ్లు చాయ్ తాగుతున్నారు. ఎవరూ పట్టించుకోని ఆ కాసేపట్లో కుడి కన్ను వచ్చేసింది. గోధుమ గీత, నల్ల గుడ్డు, చివర్న తెల్ల చుక్క. ఆ చుక్క పడగానే మేడంత మట్టికి ప్రాణం వచ్చినట్టయింది. బ్యాండులో ఒకడు గ్లాసు కింద పెట్టి "వారెవ్వా" అన్నాడు.

అంతే. అందరూ తిరిగారు.

"అన్నా, రెండోది రెండోది!" అంటూ ఫోన్లు పైకి లేచాయి. మండపం పెద్ద, దొడ్డు మీసాల భిక్షపతి, నిచ్చెన కిందికే వచ్చి నిలబడి ప్రేమ్‌రాజ్ గారి వైపు తిరిగాడు. "కాకా, జర సూసి పెట్టమను. పోయినేడు పక్క గల్లీల మెల్లకన్నొచ్చింది. తొమ్మిది దినాలు దేవుడు ఎటు సూస్తుండో తెల్వక మొక్కినోళ్లంత అటిటు జరిగిన్రు."

బేబీ ఎడమ కన్ను గీత మొదలుపెట్టింది. ఆగింది. కుంచె తీసి మళ్లీ పెట్టింది. కింద నుంచే కనిపిస్తోంది, మోచెయ్యి బిగుసుకుపోయింది.

"ఏంది, కిందికొస్తుంది?" అన్నాడొకడు.

"కాకా, మీరే ఎక్కరాదు?" అన్నాడింకొకడు.

ప్రేమ్‌రాజ్ గారు తన చేతులకేసి చూసుకున్నారు. కళావతి గారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. నిచ్చెన మీద బేబీ కదలడం లేదు.

అప్పుడు వాహెద్ భాయ్ లవంగం ఉమ్మేసి, గొంతు సవరించాడు.

"ఖాందానీ గల్తీ! షాజహాన్ చార్మినార్ కట్టినప్పుడు గూడ గిదే అయ్యింది."

భిక్షపతి మెల్లగా ఇటు తిరిగాడు. "ఎవరు కట్టినప్పుడు?"

"షాజహాన్. మూడు మినార్లు మంచిగొచ్చినయ్. నాలుగోది అందరు సూస్తుంటె వంకరొచ్చింది. కూలగొట్టి మళ్ల కట్టిన్రు, రాత్రికి రాత్రి."

"చాచా! కులీ కుతుబ్ షా! మూడో క్లాసు పిలగానికి తెలుసు!"

"కులీ కుతుబ్ షా గోల్కొండ కట్టిండు. ఆగ్రాల."

"గోల్కొండ ఆగ్రాల ఉన్నదా? మరి మేము పోయిన ఆదివారం ఏడికి పోయినం?"

నేను ఊరుకుంటానా? "పదిహేనువందల తొంభై ఒకటి! షాజహాన్ అప్పటికింకా పుట్టనే లేదు!" అని అరిచాను. ఒకరిద్దరు పిల్లలు చప్పట్లు కొట్టారు. లారీ డ్రైవర్ దిగి వచ్చాడు. బ్యాండు మాస్టర్ తన ముత్తాత ఆ మినార్లకు సున్నం వేశాడని ప్రకటించాడు. ఫోన్లన్నీ ఇప్పుడు వాహెద్ భాయ్ ముఖం మీద ఉన్నాయి. ఆయన మాత్రం ఏ మాటకూ తగ్గకుండా, మినార్ మీద మినార్ కూలగొడుతూ, మెల్లగా వెనక్కి, టార్పాలిన్ బయటికి నడిచాడు. ఆయన వెంట మేమందరం.

లొల్లి ఒక దశలో చల్లబడబోయింది. ఎవరో విగ్రహం వైపు తిరగబోయారు. వాహెద్ భాయ్ చెయ్యెత్తాడు.

"సరే, చార్మినార్ మీది. గని బిర్యానీ కనిపెట్టింది మైకెలాంజిలో."

ఇక మనుషులు ఆగలేదు. భిక్షపతి మీసం ఎర్రబడింది. మీసం ఎర్రబడుతుందని నాకు అంతకుముందు తెలియదు. "హలీమ్ గూడ ఆయనదేనా?" అని ఒకడు ఏడుపు గొంతుతో అడిగాడు. పక్క షెడ్లవాళ్లు రంగు చేతులతోనే పరుగెత్తుకొచ్చారు. మండపం సంగతే మరిచిపోయి అందరూ కలిసి ఒక డెబ్బై ఏళ్ల మనిషికి దమ్ అంటే ఏమిటో, పచ్చిమాంసం ఏ పొరలో పెడతారో చేతులతో చూపిస్తున్నారు. నేను మైకెలాంజిలో ఏం తిని ఉంటాడో నాకు తెలిసినంత చెబుతున్నాను. ఎవరూ వినడం లేదు.

"అయిపోయింది మామా."

పైనుంచి వచ్చింది గొంతు. తిరిగి చూశాం.

రెండు కళ్లూ మమ్మల్ని చూస్తున్నాయి. సమానంగా, తీరిగ్గా, ఈ లొల్లి ఏందిరా అన్నట్టు. భిక్షపతి చెయ్యి దానంతట అదే చెంపల మీదికి పోయింది. బ్యాండువాళ్లకు ఎవరూ చెప్పలేదు, మొదలుపెట్టేశారు.

ప్రేమ్‌రాజ్ గారు కళ్లజోడు తుడుచుకుని విగ్రహం దగ్గరికి వచ్చారు. కుడి నుంచి చూశారు, ఎడమ నుంచి చూశారు.

"ఎడమది ఎప్పుడు వేసినవ్ బహూ? నేను సూడనే లే."

"మీరు బిర్యానీల ఆలుగడ్డ ఉండద్దని కొట్లాడుతుండిరి మామా."

ఆయన నా వైపు, వాహెద్ భాయ్ వైపు, మళ్లీ కళ్ల వైపు చూశారు. "మంచిగుంది" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నాకంటె జర మంచిగ పెట్టినవ్. బయట చెప్పకు" అన్నారు. కుంచె వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. "నా దగ్గరెందుకు? నీదే."

పైన పట్టా కప్పిన విగ్రహంతో లారీ కదిలింది. వెనకే చినుకులు మొదలయ్యాయి. బేబీ కుంచె కడుగుతుంటే నేను పక్కకు చేరి, నాకు చేతనైనంత మెత్తగా చెప్పాను. "బేబీ, వాహెద్ భాయ్ మనసు మంచిదే, గానీ ఆయన చెప్పిన పేర్లు మాత్రం ఎక్కడా చెప్పకు. అన్నీ తప్పులే."

ఆమె నన్ను జాలిగా చూసింది. "నాకు ఎన్నడు తప్పు చెప్పలే అక్కా. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అన్ని సరిగనే చెప్తడు. నెఫెర్టిటి సంగతి నువ్వు చెప్పకముందే చెప్పిండు, బెర్లిన్‌ల ఉందని. నువ్వొస్తెనే గట్ల మాట్లాడతడు."

నా నోరు తెరుచుకుంది. బేబీ కుంచె నీళ్లు విదిలించింది.

"ఒక దినం అడిగిన, కైకు చాచా, గట్ల తప్పులెందుకు చెప్తవని. ఫ్రాన్స్‌ల బొన్నార్ అని ఒకాయన ఉండెనంట. మ్యూజియంల పెట్టిన తన బొమ్మకే మళ్ల రంగు దిద్దాలనిపించిందంట. చేస్తుంటె కావలోడు సూస్తడు గదా? గందుకని దోస్తును తోల్కపోయిండు. దోస్తు కావలోణ్ని మాటలల్ల పెడ్తె ఈయన ఎనక నుంచి జల్ది జల్ది దిద్దుకున్నడంట. 'బేటా, బొమ్మ నేర్పుడు నాకు రాదు, నేను గా దోస్తును' అన్నడు."

"వుయ్యార్" అన్నాను, ఆపుకోలేక. "ఆ దోస్తు పేరు వుయ్యార్."

"హౌ. నువ్వు గిట్లంటవని గూడ చెప్పిండు."

రాళ్లు విసిరింది గుడ్డివాడు కాదు. పోనీ, మరి నేనెవర్ని? కావలివాణ్నా, రాయినా, కాయనా? ఇన్ని ఆదివారాలు ఆ గదికి చదువు చెప్పింది నేనా, ఆ గది నన్ను వాడుకుందా? కళావతి గారికేసి చూశాను. ఆవిడ వెంటనే వాన ఎట్లా ఉందో చూడడానికి బయటికి వెళ్లారు. అంటే ఆవిడకూ తెలుసు.

లొల్లి అయిపోయినా జనం పోలేదు. పిల్లలను లారీ వెంట పంపి ఉండిపోయిన భిక్షపతి, పక్క షెడ్లవాళ్లు, చిన్న విగ్రహాల కోసం అప్పుడే వచ్చినవాళ్లు, అందరూ కళ్లు పెట్టిన కోడలిని చూడడానికి మళ్లీ టార్పాలిన్ కిందికి చేరారు. బేబీ చిన్న వినాయకుడి ముందు కూర్చుంది. కుడి కన్ను వేసింది. మెడలన్నీ ముందుకు సాగాయి. ఆమె తల తిప్పి, "చాచా, ఇంక గీ వరసంత ఉంది" అంది.

వాహెద్ భాయ్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. బిర్యానీ దగ్గర గొంతు పోయింది. ఆయన తన గొంతు చూపించుకుని, నన్ను చూపించి, చెయ్యి ఊపాడు. నీ వంతు అని.

తెలిసి తెలిసి ఒక తప్పు మాట, నా చదువంతా సాక్షిగా! బేబీ కుంచె ఆగి ఉంది. జనం చూస్తున్నారు. కళ్లు మూసుకుని అనేశాను.

"సాలార్‌జంగ్ మ్యూజియంల గడియారం ఉంది గదా, అందుల గంట కొట్టే బొమ్మ... ఆడమనిషి."

పాతబస్తీలో పుట్టినవాడెవడూ ఆ గడియారం ముందు నిలబడకుండా పెరగలేదు. టార్పాలిన్ ఎగిరిపోతుందనుకున్నాను. "ఏంది?", "గడ్డముంటది!", "మా తాత సూపించిండు!" అంటూ అందరూ నా మీదికి తిరిగారు. వాళ్లందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది వాహెద్ భాయే. ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో గొంతు, నా ముఖం ముందు వేలు ఊపుతూ బొంగురుగా అరిచాడు. "గడ్డం, యూనివర్సిటీ! ఇత్తా బడా, గింత పెద్ద గడ్డం!"

ఆయన నోట నేను విన్న మొదటి నిజం అది. నేను వెనక్కి, బయటికి, వానలోకి ఒక్కో అడుగే వేస్తూ, అందరినీ వెంటబెట్టుకుని నడిచాను.

"అది గడ్డం కాదు భాయ్" అన్నాను. "మఫ్లర్."